కొటియాలో తీసిన రెండు ఫోటోలు, ఏది ఆ రోజు నిజం?

కిమిడి స్టూడియో · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మాది నాన్నగారి కాలం నాటి స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ సైజులు, స్కూలు గ్రూప్ ఫోటోలతోనే మా ఇల్లు గడుస్తుంది. అప్పుడప్పుడు వార్తలవాళ్లకి కూడా ఫోటోలు పంపుతుంటాను. మూడు వారాలుగా ఒక సంగతి మనసులో మెలిపెడుతోంది. మీలాంటివాళ్లకి చెప్పుకుంటే దారి దొరుకుతుందని రాస్తున్నాను.

కొటియా గొడవ మనవైపు అందరికీ తెలిసిందే. అటు ఒడిశాలో కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, ఇటు ఆంధ్రాలో సాలూరు మండలం, మధ్యలో రెండు రాష్ట్రాలూ మావేనంటున్న 21 ఊళ్లు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు అది. ఇది పార్లమెంటు తేల్చాలి, అప్పటిదాకా ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండని 2006లో కోర్టు చెప్పింది. ఇప్పటికీ అలాగే ఉంది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉంటాయి.

నేను వెళ్లిన రోజు ఒక ఊళ్లో బోర్డు దగ్గర రెండు వైపుల సిబ్బందికీ మాటామాటా పెరిగింది. దూరాన్ని దగ్గరికి లాగే 70-200 లెన్సు వేసుకుని తీశాను. ఒకాయన వేలు చూపించి అరుస్తున్నాడు, ఇంకొకాయన ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించుతున్నాడు. వెనకాల జనం మొహాలు. అంతా నాలుగైదు నిమిషాల్లో సద్దుమణిగింది.

తర్వాత అందరూ పనసచెట్టు నీడకి చేరారు. ఒక ముసలావిడ ఎండిన ఆనపకాయ బుర్రతో చోడి (రాగి) అంబలి తెచ్చి, అడ్డాకు దొప్పల్లో పోసింది. ఇందాక అరిచినాయన దొప్పని రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. చెయ్యి దించినాయన పక్కనే తన వంతు కోసం నిలబడ్డాడు. ఆవిడ మాత్రం ఎవరి మొహమూ చూడట్లేదు. ఒలికిపోకుండా దొప్ప అంచునే చూస్తోంది. అది కూడా తీశాను.

రెండూ పంపితే మొదటిదే వేశారు, పైన పెద్ద అక్షరాలతో 'ఉద్రిక్తత' అని. నాకు బాధేసి రెండోది నా ఫేస్‌బుక్‌లో పెట్టాను. అది వేలమంది షేర్ చేసుకున్నారు. ఎవరో దానికి 'హద్దులు లేని తల్లి' అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు మొదటిది చూస్తే అబద్ధంలా ఉంది. రెండోది చూస్తే అదీ పూర్తి నిజం కాదనిపిస్తోంది. మీరైతే ఏం చేసేవారు?

రాయగడ రీల్స్ · సోమవారం రాత్రి 9:40

అన్నా, నువ్వు తప్పేం చెయ్యలేదు. గొడవ జరిగింది కాబట్టి గొడవ ఫోటో తీశావు. మంచి ఫోటోలు మాత్రమే తీస్తే ఊళ్ల కష్టం ఎవరికి తెలుస్తుంది?

1984లో భోపాల్‌లో విషవాయువు లీకైనప్పుడు రఘు రాయ్ తీసిన ఫోటో చూడు. పసిబిడ్డని పూడుస్తున్నారు, మొహం మాత్రం ఇంకా మట్టి పైన ఉంది, ఒక చెయ్యి ఆ మట్టిని సర్దుతోంది. అదే బిడ్డని పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశాడు. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటోగా దాన్నే ఎంచారు. ఇన్నేళ్ల తర్వాత కూడా భోపాల్ అంటే నాలాంటి తర్వాత పుట్టినవాడికి గుర్తొచ్చేది ఆ మొహమే. అక్కడ ఎవర్ని అడిగి తీస్తారు? అడిగే సమయమా అది? తీయకపోతే ఆ బిడ్డ లెక్కల్లో ఒక అంకె అయిపోయేది.

జయపురం డార్క్‌రూమ్ · సోమవారం రాత్రి 10:25

బాబూ కిమిడీ, నీ మొదటి ఫోటో తప్పంతా లెన్సులో ఉంది, ఒక్కసారి తీసి చూసుకో. 200 దగ్గర పెట్టి తీస్తే వెనకున్నవాళ్లు వచ్చి ముందున్నవాళ్ల భుజాల మీద పడతారు. పదిమంది ఉంటే వందమందిలా కనిపిస్తారు. వాళ్ల మధ్య పది అడుగుల ఖాళీ ఉన్నా అది కనపడదు. అదే చోట వెడల్పుగా చూపించే 35 లెన్సుతో నాలుగడుగులు ముందుకెళ్లి తీసుంటే, అరిచేవాడి పక్కన చుట్ట కాల్చుకుంటున్నవాడూ, మేకని తోలుకుపోతున్న పిల్లాడూ కూడా వచ్చేవారు. గొడవ అబద్ధం కాదు, దాని సైజు అబద్ధం.

మా రోజుల్లో 120 రీలుకి పన్నెండే ఫోటోలు. యాషికా కెమెరా మెడలో వేసుకుని వెళ్తే నొక్కే ముందు చుట్టూ చూసుకునేవాళ్లం, ఎందుకంటే ఒక్కొక్కటీ డబ్బే. ఇంటికొచ్చి కటిక చీకట్లో రీలు కడిగి, బొమ్మ నిలబెట్టే హైపో మందులో వేసి, ఆరబెట్టి, ఎర్రబల్బు కింద ప్రింటు వేసేసరికి తెల్లారేది. ఆ మధ్యలో మన కోపం చల్లారేది. ఏ ఫోటో ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో నిమ్మళంగా ఆలోచించేవాళ్లం. నువ్వు జీపు దిగకముందే పంపేసి ఉంటావు.

కిమిడి స్టూడియో · సోమవారం రాత్రి 10:31

నిజమే గురువుగారూ. పనసచెట్టు దగ్గరే కూర్చుని ఫోన్‌లోంచి పంపేశాను. మేక పిల్లాడు కూడా నిజంగానే ఉన్నాడు, ఇంకో ఫ్రేములో ఉన్నాడు. మీరు చూసినట్టే చెప్పారు.

గుణుపురం మాస్టారు · మంగళవారం ఉదయం 6:05

రాత్రి చదివి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఒక ఫోటో సగం నిజమే చెప్పగలదని ఒప్పుకున్నవాడు అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్డీ ఆడమ్స్. 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో ఒక పోలీసు అధికారి పట్టుబడ్డ మనిషి తలకి తుపాకీ పెట్టి కాల్చిన క్షణం తీశాడు. దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. వియత్నాం యుద్ధం మీద జనం మనసు మార్చిన ఫోటోల్లో అదొకటి. కానీ ఆ ఫోటోకి ముందేం జరిగిందో అందులో లేదని, ఆ అధికారి బతుకు దాంతో పాడైందని ఆడమ్స్ చివరిదాకా బాధపడ్డాడు. ఆ కుటుంబానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఫోటో తప్పు కాదు, దాన్ని చూసి మనం అంతా తెలిసిపోయిందనుకోవడం తప్పు.

ఇంకొకటి, ఎప్పుడూ కొట్లాట ఉన్నదే సంఘర్షణ ఫోటో అనుకోకండి. ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారవాలా 1947 జూన్‌లో తీసిన ఫోటో ఒకటుంది. కాంగ్రెస్ నాయకులు నేల మీద వరసగా కూర్చుని చేతులెత్తుతున్నారు. బడిలో పిల్లలు చెయ్యెత్తినట్టు, ఎంత ప్రశాంతంగా ఉంటుందో. వాళ్లు చేతులెత్తింది దేశ విభజనకి. నెత్తురు చుక్క లేని ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మన హద్దు కూడా అలా చప్పుడు లేకుండా పడిందే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసింది. అన్నేళ్లు ఆ ఊళ్లో పాఠాలు చెప్పి, సవర గిరిజనుల ఇళ్లకెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. సామాను సర్దుకుంటున్న ఆ ఇంటిని నేను మనసులో ఎన్నిసార్లు ఫోటో తీసుకున్నానో.

సిరొంచ రేవు · మంగళవారం ఉదయం 8:50

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. మాస్టారుగారి మాట చదివి రాయాలనిపించింది. మాకు అటు ఒడ్డున కాళేశ్వరం, ఇటు మేము, మధ్యలో ప్రాణహిత వచ్చి గోదారిలో కలుస్తుంది. మా ఇళ్లల్లో తెలుగు, బడిలో మరాఠీ.

మా జిల్లా పేరు కొట్టి ఫోటోలు వెతకండి, సగం తుపాకులే వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు నేను తీసిన ఒక ఫోటో ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకామె పెళ్లయి అటు తెలంగాణకి వెళ్లింది, ఒకామె ఇక్కడే. నీళ్లల్లో నిలబడి ఒకరి నెత్తిన ఒకరు నీళ్లు పోసుకుంటున్నారు. ఎవరో దాన్ని నా పేజీలోంచి తీసుకుని 'నక్సల్ ప్రాంతంలో భక్తి' అని రాసి వేసుకున్నారు. ఫోటోలో ఒక్క గీత కూడా మార్చలేదు. కింద రెండు మాటలు రాశారంతే. ఆ అక్కచెల్లెళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతారు, మేము స్నానం చేస్తే మధ్యలో నక్సల్స్ ఎందుకొచ్చారని.

కాబట్టి కిమిడి అన్నా, కొటియా ఫోటో కింద ఊరి పేరు, తేదీ రాసి ఆపెయ్. ఒడిశా అని రాసినా ఆంధ్ర అని రాసినా నువ్వు ఒక బోర్డు పాతినట్టే.

బరంపురం మగ్గం · మంగళవారం మధ్యాహ్నం 1:15

మీరందరూ ఫోటో తీసినవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను ఫోటోలో ఉన్నవాళ్ల మనిషిని. మా తాతగారు బరంపురంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసేవారు. నా చిన్నప్పుడు ఎవరో వచ్చి ఆయన్ని మగ్గం దగ్గర తీశారు. రెండేళ్ల తర్వాత ఒక కొట్లో కేలండరు మీద ఆయన కనిపించారు. కింద పేరు లేదు, 'నేత కార్మికుడు' అని మాత్రం ఉంది. మా నాయనమ్మ ఆ కేలండరు అడిగితే సరుకు కొంటేనే ఇస్తామన్నారు. అవసరం లేకపోయినా అరకిలో చక్కెర కొని తెచ్చుకుంది. ఏడాది అయిపోయినా ఆ డిసెంబరు కాగితం మా గోడ మీంచి తియ్యలేదు. ఆయన గుడి గోపురంలాంటి కుంభాల అంచు వేస్తున్నప్పుడు తీసిన ఫోటో అది, పోగు మోసుకెళ్లే నాడె విసిరిన చెయ్యి మసకగా పడింది. చాలా బాగుంటుంది. అందుకే ఎక్కువ కోపం.

1936లోనే అమెరికాలో వలస కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' (వలస తల్లి) ఫోటో ప్రపంచమంతా చూసింది. గుడారంలో చెంపకి చెయ్యి ఆనించుకున్న తల్లి, భుజాల మీద మొహాలు దాచుకున్న పిల్లలు. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై ఏళ్లు దాటాక! ఆ ఫోటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని, అసలు తీయకపోతే బాగుండేదని ఆవిడ అంది. ఆ ఫోటో వచ్చాక ఆ శిబిరానికి తిండి సామాన్లు పంపారు, కానీ అప్పటికే వాళ్లు అక్కణ్ణుంచి వెళ్లిపోయారు.

తమ్ముడూ, నీ పోస్టులో ఆనపకాయ బుర్ర ఉంది, అడ్డాకు దొప్ప ఉంది, లెన్సు నంబరు కూడా ఉంది. ఆవిడ పేరు లేదు. పేరు ఇక్కడ రాయమని కాదు. నీకు తెలుసా అని అడుగుతున్నా.

కిమిడి స్టూడియో · మంగళవారం మధ్యాహ్నం 2:02

తెలీదక్కా. అడగలేదు.

రుషికుల్య ఒడ్డు · మంగళవారం సాయంత్రం 5:30

గంజాం నుంచి ఒక చిన్న మాట. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వేలల్లో వస్తాయి, నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురు ఎటుంటే అటు పోతాయి. సముద్రం మీద మెరుపు చూసి నీళ్లల్లోకి పోవాల్సినవి, ఒక ఫ్లాష్ కొడితే వెనక్కి తిరిగి ఇసుకలోకి, రోడ్డు మీదకి పోతాయి. ఎంతో ముద్దుగా వచ్చిన ఫోటోల వెనక దారి తప్పిన పిల్లలు ఎన్నో ఉంటాయి. నేను నాలుగేళ్లుగా తెల్లారేదాకా కెమెరా సంచిలోంచి తియ్యట్లేదు.

పొట్టంగి ఘాట్ · మంగళవారం రాత్రి 11:48

ఈ చర్చ మా తమ్ముడు చూపించాడు. రాయాలా వద్దా అని రెండు గంటలు కూర్చున్నాను. ఫోటోలో ఉన్నావిడ నాకు అమ్మమ్మ వరస.

సార్, మీరు మంచివారని మీ రాతలోనే తెలుస్తోంది, అందుకే చెబుతున్నాను. ఆవిడ ఆ అంబలి పోసింది రెండు రాష్ట్రాలని కలపడానికి కాదు. అది పొలం నుంచి వచ్చే కొడుకూ కోడలి కోసం కాచిన అంబలి. ఇంటి ముందుకొచ్చి ఎండలో నిలబడ్డవాళ్లు ఎవరైనా సరే, ఇవ్వకుండా లోపలికి పోవడం మాలో లేదు. ఆ రోజు బుర్ర ఖాళీ అయిపోయింది. మావాళ్లు మళ్లీ చోడి విసురుకుని, కాచుకుని, పొద్దు వాలాక తిన్నారు. దొప్ప అంచు ఎందుకు చూస్తోందంటే అది ఒలికితే ఇంక లేదు కాబట్టి.

'హద్దులు లేని తల్లి' అన్నాక ఏమైందో తెలుసా. ముందు ఒక వైపువాళ్లు వచ్చి నీకు మా పింఛనే కదా వచ్చేది, వాళ్లకెందుకు పోశావని అడిగారు. రెండు రోజులకి ఇంకో వైపువాళ్లు అదే మాట. తర్వాత రీల్స్ చేసేవాళ్లు వచ్చి మళ్లీ పొయ్యమన్నారు, ఖాళీ బుర్రతోనైనా సరే వంచమన్నారు. ఆవిడకి ఫోన్ లేదు. ఫోటో ఎలా ఉందో ఇప్పటికీ చూడలేదు. కొత్త మనుషులొస్తే తలుపేసుకుని కూర్చుంటోంది. ఊళ్లో ఎప్పుడూ పగలు తలుపెయ్యని మనిషి.

కిమిడి స్టూడియో · బుధవారం ఉదయం 5:20

అమ్మా, రాత్రే ఫేస్‌బుక్‌లోంచి ఆ ఫోటో తీసేశాను. షేర్ అయినవి నా చేతుల్లో లేవు, తెలిసినవాళ్లందరికీ తీసెయ్యమని మెసేజ్ పెడుతున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు. మీరు ఒప్పుకుంటే, ఆవిడ ఒప్పుకుంటే, కెమెరా లేకుండా ఒకసారి వచ్చి కలుస్తాను. వద్దంటే రాను.

రాయగడ రీల్స్ · బుధవారం ఉదయం 9:15

అక్కా, మావాళ్లు కూడా కొందరు అక్కడికి వచ్చుంటారు. సిగ్గుగా ఉంది. నేను రాలేదు కానీ వచ్చినవాళ్లలో ఇద్దరు నాకు తెలుసు, మాట్లాడతాను.

కానీ నాకొక అనుమానం ఉండిపోయింది. ఇలా భయపడి అందరం ఫోటోలు తియ్యడం మానేస్తే రేపు నిజంగా ఎవర్నో కొడుతుంటే ఎవరు చూపిస్తారు?

గుణుపురం మాస్టారు · బుధవారం ఉదయం 11:00

నీ అనుమానం న్యాయమైనదే నాయనా, దానికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. 2002 గుజరాత్ అల్లర్లలో ఆర్కో దత్తా తీసిన కుతుబుద్దీన్ అన్సారీ ఫోటో గుర్తుందా? మేడ మీంచి చేతులు జోడించి, కళ్లనిండా నీళ్లతో ప్రాణాలు కాపాడమని అడుగుతున్న దర్జీ. ఆ ఫోటో వల్ల సాయం అందింది, లోకం చూసింది. అదే ఫోటో వల్ల ఆయన ఎక్కడికెళ్లినా గుర్తుపట్టారు. అహ్మదాబాద్ వదిలి మాలెగావ్ వెళ్లాడు, అక్కడ పని పోయింది, తర్వాత కోల్‌కతా వెళ్లాడు. పదేళ్ల తర్వాత దత్తా వెళ్లి ఆయన్ని కలుసుకున్నాడు. ఆ ఫోటో తీసుండకూడదని నేను అనలేను. తీసిన పని పదేళ్లకి కూడా అయిపోలేదని మాత్రం అనగలను.

బరంపురం మగ్గం · బుధవారం మధ్యాహ్నం 12:40

అడిగే సమయం ఉన్న చోట కూడా అడగకపోవడం గురించే నా గొడవ. 1946లో అమెరికా ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బోర్క్-వైట్ రాట్నం దగ్గర గాంధీని తీయడానికి వెళ్తే, ముందు నువ్వు వడకడం నేర్చుకుని రా అన్నారట ఆయన దగ్గరివాళ్లు. నేర్చుకుంది. మూడే ఫ్లాష్ బల్బులకి ఒప్పుకున్నారు. రెండు పాడైపోయాయి, మూడోదానికి వచ్చిన ఫోటోనే మనం ఇన్నేళ్లుగా చూస్తున్నది. మా తాత దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్క పూట మగ్గం గుంట పక్కన కూర్చునుంటే పేరు వాళ్లంతట వాళ్లకే తెలిసేది.

పొట్టంగి ఘాట్ · బుధవారం రాత్రి 8:30

అమ్మమ్మతో మాట్లాడాను. రమ్మంది. ఫోటో తెమ్మంది, కాగితం మీద ఉన్నది. నేనూ ఆ రోజు ఊళ్లో ఉంటాను సార్.

కిమిడి స్టూడియో · తర్వాతి సోమవారం రాత్రి 10:10

నిన్న వెళ్లొచ్చాను. పార్వతీపురం మీదుగా సాలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి జీపు. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

రెండు ఫోటోలూ ఎనిమిది-పది సైజులో ప్రింటు వేసి తీసుకెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ముందు గొడవ ఫోటో చూసింది. ఎవరు ఎవరో అడగలేదు. వెనకాల మొహాల్లో తన తమ్ముణ్ణి గుర్తుపట్టి, గోరుతో చూపించి నవ్వింది. అంబలి ఫోటో చాలాసేపు చూసింది. "బుర్ర అప్పుడు బాగుంది" అందట, ఇక్కడ పొట్టంగి ఘాట్ పేరుతో రాసిన అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. ఇప్పుడది మూతి దగ్గర పగిలిపోయింది. రీల్స్ వాళ్లు వచ్చిన రోజు చేతులు మారి పడిపోయిందట. ఇంకెవరికీ ఆ ఫోటో ఇవ్వనని చెప్పాను. ఊళ్లోవాళ్లకి చూపించుకోవడానికి ఇంకో మూడు కావాలంది. పంపుతాను.

తర్వాత లోపలికెళ్లి రేకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో చనిపోయిన భర్త ఓటరు కార్డు ఉంది. పాత కార్డు, లామినేషన్ పచ్చబడిపోయింది, ఫోటో బొటనవేలి గోరంత ఉంది, నలుపు తెలుపు. ఆయనకి అదొక్కటే ఫోటోనట. గోడకి పెట్టుకునేంత పెద్దది చెయ్యగలవా అని అడిగింది. మా స్టూడియోలో రోజూ వచ్చే పనే అది, కానీ ఆ మాట వినగానే నా చేతులు వణికాయి. ఆవిడ కార్డు ఇవ్వబోతే నేను తీసుకోలేదు, అది ఇల్లు దాటకూడదు. కెమెరా తీసుకెళ్లలేదు కదా, ఆ అమ్మాయి ఫోన్ అడిగి, గుమ్మం నీడలో కార్డు పెట్టి, మెరుపు పడకుండా నాలుగు వైపుల నుంచీ తీశాను.

ఇప్పుడు ఇబ్బంది ఏంటంటే ఎడమ కన్ను మీద ముద్ర సిరా పడి పూర్తిగా పోయింది. కుడికన్ను తిప్పి అతికిద్దామా అని చూస్తున్నా. గురువుగారూ, మీరేమంటారు?

జయపురం డార్క్‌రూమ్ · సోమవారం రాత్రి 10:52

వద్దు బాబూ, ఆ పని చెయ్యకు. ఏ మనిషికీ రెండు కళ్లు ఒక్కలా ఉండవు. తిప్పి అతికిస్తే అద్దంలో బొమ్మలా అవుతాడు, ఆవిడ చూడగానే ఈయన కాదంటుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ల కన్ను చూసి గియ్యాలి. కొడుకు పొలంలో ఉంటాడని రాశారు కదా, అతని మొహం తండ్రిదేనా?

పొట్టంగి ఘాట్ · సోమవారం రాత్రి 11:05

మామయ్యది అమ్మమ్మ పోలిక. తాతయ్య చిన్న తమ్ముడు ఉన్నాడు, ఇద్దరూ ఒక్కలా ఉండేవారంటారు. రేపు కొండ దిగి వస్తాడు. ఆయన్ని అడిగి నేను ఫోటో తీసి పంపనా? ఎటు వైపు కూర్చోబెట్టాలి?

జయపురం డార్క్‌రూమ్ · సోమవారం రాత్రి 11:20

తియ్యమ్మా. కిమిడీ, ఆ నాలుగు ఫైళ్లూ నాకు పంపు, పెన్సిల్ పని నేను చేస్తాను. అమ్మా, కార్డులో ముక్కు నీడ ఎటు పడిందో చూసుకో, తమ్ముడి ముక్కు నీడ కూడా అటే పడేట్టు కూర్చోబెట్టు. ఎండలో వద్దు, గుమ్మం లోపల. ఫోన్ ఆయన కళ్ల ఎత్తులో పట్టుకో, పైనుంచి వద్దు. నవ్వమని చెప్పకు, కార్డు ఫోటోల్లో ఎవరూ నవ్వరు.